అశ్వనరుడికీ నాగకన్యకీ ఒళ్లు కుదరాలంటే

చిరంజీవి వాసంతికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ బొమ్మల కథ కోసం గీసిన పాత్రలు చేరాయి. ముఖాలు చక్కగా పట్టావు, ముఖ్యంగా నాగకన్య చూపు. కానీ ఆమె, నడుము పైన మనిషి, కింద గుర్రం అయిన అశ్వనరుల నాయకుడు, ఇద్దరూ నడుము దగ్గర అతికించినట్టు ఉన్నారమ్మా. అక్కడ రంగు కలిపినా, జూలు కప్పినా, వడ్డాణం పెట్టినా ఆ అతుకు దాగదు. చర్మం కింద ఏముందో తేలకుండా చర్మం గీస్తే ఎవరికైనా అంతే. ముందు బరువు, తిండి, ఊపిరి లెక్క చూసుకో. ఆ తర్వాత ఎముకలు, వాటి మీద కండ. చర్మం అన్నిటికన్నా చివర.

ఈ తగువు రెండు వేల ఏళ్లదిలే. గ్రీకు కథల్లోని అశ్వనరులైన సెంటార్ల మీద రోమన్ కవి లుక్రీషియస్ క్రీ.పూ. మొదటి శతాబ్దంలోనే గట్టి ప్రశ్న వేశాడు: మూడేళ్లకు గుర్రం నిండు యవ్వనంలో ఉంటుంది, ఆ వయసులో మనిషి పిల్లవాడు నిద్రలో ఇంకా తల్లి పాలకోసం తడుముకుంటుంటాడు, రెండూ ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయని. రెండు జంతువులను కలిపి కుట్టావంటే దీనికి జవాబు లేదు. మొదటినుంచీ ఆరు అవయవాలున్న వేరే జాతి అనుకుంటేనే దారి దొరుకుతుంది. వెన్నెముక ఉన్న మనలాంటి జంతువులకు రెండు జతల అవయవాలే ఎందుకంటే, మన పూర్వీకులైన చేపలకు జత రెక్కలు రెండే జతలు కాబట్టి. నీ లోకంలో ఆ చేపకు మూడు జతలున్నాయని అనుకో. అప్పుడు అశ్వనరుడు కలగాపులగం కాదు, తన దారిలో తాను ఎదిగిన జీవి. వాడి ఎదుగుదల అంతా ఒకే వేగంతో, నెమ్మదిగా సాగుతుంది. పదిహేనేళ్లకు పెద్దవాడవుతాడని పెట్టుకో.

ఇక తిండి. 400 కిలోల గుర్రం ఏ పనీ చేయకుండా నిలబడి ఉండటానికే రోజుకు 13 వేల కిలోకేలరీల పైన కావాలి. అంటే ఆరుగురి తిండి, లేదా దాదాపు నాలుగు కిలోల బియ్యం. గుర్రం దాన్ని ఎనిమిది కిలోల ఎండుగడ్డి నుంచి లాగుతుంది. పచ్చిక మీద వదిలేస్తే రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. నమలడానికి 24 దవడ పళ్లు ఉంటాయి, అరిగేకొద్దీ పైకి వస్తుంటాయి. మనిషి నోటితో ఆ పని జరగదు. కాబట్టి నీ నాయకుడు గడ్డి తినడు. ధాన్యం, దుంపలు, పప్పులు, మాంసం తింటాడు. ఆ మాట అనుకోగానే బొమ్మ మారిపోవాలి. గుర్రానికి ఆ పెద్ద పీపా పొట్ట ఎందుకుంది? వెనక భాగంలో గడ్డిని పులియబెట్టే పేగుల తొట్టి ఉంది కాబట్టి. వండిన తిండి తినేవాడికి ఆ తొట్టి అక్కర్లేదు. పొట్ట వేటకుక్కలా వెనక్కు వెళ్లేకొద్దీ పైకి లాక్కుపోవాలి. నువ్వు నిండు గుర్రం పొట్ట ఉంచి, పక్క పేజీలో వాడిచేత బుట్టెడు ఉలవ గుగ్గిళ్లు తినిపించావు. ఉలవలు గుర్రాల దాణాయే, కాదనను. కానీ ఒక్కసారిగా అంత గింజ పడితే పిండిపదార్థం జీర్ణం కాకుండా వెనక పేగులకు చేరి పులిసిపోతుంది. కడుపునొప్పి లేస్తుంది, గిట్టల లోపలి పొర వాచి కాళ్లు పడిపోతాయి. గుర్రం పొట్ట కావాలంటే గడ్డి, గుగ్గిళ్లు కావాలంటే సన్న పొట్ట. ఏదో ఒకటి తేల్చుకో.

బరువు విషయంలో మాత్రం నీ అదృష్టం బాగుంది. గుర్రం తల, మెడ కలిపితే ఒంటి బరువులో సుమారు పదో వంతు, అంటే నలభై కిలోలు. బొడ్డు నుంచి పైకి మనిషి కూడా ఇంచుమించు అంతే. అది తీసి ఇది పెడితే ముందు కాళ్ల మీద కొత్త భారమేమీ పడదు. బరువు కాస్త ఎత్తుకు పోతుందంతే, అందుకని దౌడులో మొండెం ముందుకు వాలి ఉండాలి. నిటారుగా కూర్చున్న రౌతులా గీయకు.

ఊపిరి దగ్గరే అసలు చిక్కు. దౌడు తీసే గుర్రం నిమిషానికి 1,500 లీటర్ల పైచిలుకు గాలి పీలుస్తుంది. బాగా సాధన చేసిన మనిషి ఎంత పరుగెత్తినా 200 దాటడం కష్టం. మన వాయునాళం వెడల్పు రెండు సెంటీమీటర్లయితే గుర్రానిది ఐదారు. వైశాల్యంలో ఏడెనిమిది రెట్ల తేడా. నువ్వు గీసిన సన్నని మెడ, కొనదేలిన ముక్కు ఆ గాలిని మోయలేవు. మెడ వెడల్పు చేయి, ముక్కుపుటాలు విప్పారేలా గీయి, దౌడులో నోరు తెరిచే ఉంచు. గుర్రం నోటితో పీల్చలేదు, నీ వాడు పీల్చగలడు. ఆ వెసులుబాటు వాడుకో. అయినా చాలదు కాబట్టి దౌడు రెండు మూడు నిమిషాలకు మించనివ్వకు. మరో సంగతి: దౌడులో గుర్రం ఒక్కో అంగకు ఒక్కో ఊపిరి తీస్తుంది, అంగకూ ఊపిరికీ లంకె. నీ మూడో అధ్యాయంలో వాడు దౌడు తీస్తూ ఐదు వాక్యాల ప్రతిజ్ఞ చేశాడు. అది సాధ్యం కాదు. ఒక్కో అంగకు ఒక ముక్క: "ఆగు!", "కోట!", "ఎడమకు!" అంతే. ఇలా రాస్తే ఆ ఘట్టం ఇంకా బిగువుగా ఉంటుంది, చూడు.

ఊపిరితిత్తులు గుర్రం ఛాతీలోనే ఉంచు, అక్కడే చోటుంది. పై ఛాతీలో వాయునాళం, ఆహారవాహిక, గొంతుకు గాలి నిలవుంచే సంచి చాలు. పైన పక్కటెముకలు ఎందుకంటే చేతులకు పట్టు కోసం. గుండెను మాత్రం అతుకు దగ్గరకు కాస్త పైకి జరుపు. రక్తాన్ని ఒక మీటరు ఎత్తుకు ఎక్కించాలంటే 75 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) పైన అదనపు పీడనం కావాలి. గుర్రం గుండె ఉన్నచోటే ఉంచేస్తే ఈ తల దానికి మరీ దూరం.

ఇప్పుడు ఎముకలు. పక్కనుంచి కనిపించే గుర్రం అస్థిపంజరాన్ని పదో వంతు కొలతలో గీసుకో. భుజం దగ్గర 150 సెంటీమీటర్ల ఎత్తుంటే కాగితం మీద 15. దాని మీద ట్రేసింగ్ కాగితం వేసి ఏడు మెడపూసలు తీసేయి. అక్కడినుంచి మొండెం లేవాలి. అడ్డంగా ఉన్న వెన్ను నిలువుగా తిరిగే మలుపును ఒక్క కీలు దగ్గర పెడితే వెన్నుపాము నలిగిపోతుంది. ఐదారు పూసల మీదుగా మలుపు పంచు. గుర్రం భుజాల మధ్య వీపు ఎత్తుగా లేస్తుంది కదా, అక్కడ పూసల ముళ్లు చాలా పొడవు. తలను మోసే బలమైన బంధనం వాటినే పట్టుకుని ఉంటుంది. నీ వాడి మొండేన్ని మోయాల్సింది కూడా అదే. అంటే మనిషి వీపు మధ్యనుంచి గుర్రం భుజం మిట్ట దాకా దళసరి కండ ఏటవాలుగా దిగాలి. వెనకనుంచి చూస్తే సన్నని నడుము అనేది ఉండదు.

నీ బొమ్మలో అతుకు తేలిపోవడానికి ఇంకో కారణం ఉంది, అందరూ జారేది ఇక్కడే. గుర్రం మెడ మొదలు అడ్డంగా కోసి చూస్తే నిలువు కోడిగుడ్డు ఆకారం: వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. మనిషి నడుము కోస్తే అదే గుడ్డు పడుకున్నట్టు: వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. ఈ రెంటినీ తిన్నగా కలపలేవు. మొదలులో ఒకటి, మధ్యలో ఒకటి, పక్కటెముకల కింద ఒకటి, మూడు కోతలు విడిగా గీయి. మొదటిది నిలువు, మధ్యది గుండ్రం, పైది అడ్డం. వాటి అంచులు కలిపితే కండ ఎలా తిరగాలో నీకే తెలుస్తుంది. ముందు కాళ్ల రెక్క ఎముకలు (భుజం దగ్గరి పలక ఎముకలు) కదిలే చోటు వదిలిపెట్టు. గుర్రానికి కాలర్ బోన్ లేదు, ముందు కాళ్లు కేవలం కండలతో ఛాతీకి వేలాడి ఉంటాయి. అంగ వేసినప్పుడల్లా ఆ రెక్క ఎముక ముందుకూ వెనక్కూ జారుతుంది. దాని మీద మొండేన్ని కూర్చోబెడితే వాడు అడుగు వేయలేడు. చేతులకు మాత్రం కాలర్ బోన్ ఉండాలి, లేకపోతే విల్లు లాగలేడు.

పై మొండెం మీద బొడ్డు చెరిపేయి. బొడ్డు ఉండేది గుర్రం పొట్ట కింద.

ఇవన్నీ కుదిరాక కథకు పనికొచ్చేవి వాటంతటవే పుడతాయి. మొండెం పూర్తిగా వంచినా భుజం నుంచి వేలి కొస దాకా లెక్క చూస్తే చెయ్యి నేలకు అందీ అందనట్టు ఉంటుంది. పడిన కత్తి తీయాలంటే ముందు మోకాళ్లు వంచాలి, లేదా కొక్కెం కర్ర ఉండాలి. వెనక గిట్టలో రాయి ఇరుక్కుంటే తానే తీసుకోలేడు, పక్కవాడు తీయాలి. గుర్రాలు కూడా ఒకదాని మెడ మొదలు మరొకటి గోకుతాయి. వీళ్లలో ఆ మర్యాద స్నేహానికి గుర్తు కావచ్చు. గుర్రం కాళ్లలో కీళ్లు బిగించుకునే ఏర్పాటుంది కాబట్టి నిలబడి కునుకు తీయగలదు, గాఢనిద్రకు మాత్రం కాసేపు పడుకోవాల్సిందే. నీ వాడి కాళ్లు నిలుస్తాయి, మొండెం వాలిపోతుంది. అందుకని వాళ్ల ఇళ్లలో ఛాతీ ఆనించే దూలం ఉండాలి. కాన్పు మాత్రం మనకంటే సులువు. గుర్రం కటి మార్గం విశాలం, మనిషి తల అందులో ఇబ్బంది లేకుండా వస్తుంది. కాబట్టి బిడ్డ మెడ నిలిపే శక్తితోనే పుట్టవచ్చు. ముందు కాళ్లు చాచి, వాటి మీద మొండెం బోర్లా వాల్చి, చేతులు ఒంటికి ఆనించుకుని బయటకొస్తుంది. పాలు ఎక్కడ తాగుతుందో మాత్రం ముందే తేల్చు. పై ఛాతీ మీదైతే తల్లి పడుకుని ఇవ్వాలి.

నాగకన్యకు వద్దాం. మహాబలిపురం గంగావతరణ శిల్పంలో నీళ్లు దిగే చీలికలో నాగులున్నారు, వాళ్ల నడుము కింద ఒళ్లు ఎలా మొదలవుతుందో ఆ ఫొటోలు పెద్దవి చేసి చూడు. నువ్వు ఆమెకు వెడల్పాటి పిరుదులు గీశావు. ఆ వెడల్పు కటి ఎముకది, కటి ఎముక ఉండేది కాళ్ల కోసం. కాళ్లు లేనిచోట పక్కటెముకల కింది నుంచి ఒకే లావుతో సాగి, మెల్లగా సన్నబడాలి. లోపల మొదటినుంచి మలద్వారం వరకూ పక్కటెముకలే. కొండచిలువకు మిగిలినట్టు రెండు చిన్న గోళ్లు పెడితే అవి మలద్వారానికి అటూ ఇటూ ఉండాలి, నడుము దగ్గర కాదు. అసలు తోక అనేది ఆ ద్వారం తర్వాతే మొదలవుతుంది, మొత్తం పొడవులో చివరి కొద్ది భాగమే.

నాగుపాము ఒంట్లో దాదాపు మూడో వంతు పైకి ఎత్తి నిలుస్తుంది. నీ నాగకన్య నడుము నేలకు మీటరు ఎత్తున ఉండాలంటే, పైన మొండెం, తల కలుపుకుని మీటరున్నర దాటుతుంది. నేల మీద ఆనిన భాగం దానికి రెట్టింపు, మూడు మీటర్లు. అంటే పాము భాగం మొత్తం నాలుగు మీటర్లు. నువ్వు గీసింది రెండున్నరకు మించదు. అలా నిలబడితే ముందుకు బోర్లా పడుతుంది. నడుము దగ్గర 28 సెంటీమీటర్ల మందంతో మొదలై సన్నబడే నాలుగు మీటర్ల ఒళ్లంటే 80 నుంచి 100 కిలోలు. మొసలి వెన్నుమీద నిలబెట్టిన బొమ్మలో ఆ బరువు గుర్తుపెట్టుకో.

తిండి లెక్కలో ఈమె గట్టిది. పాము రక్తం చల్లది, అంతే బరువున్న క్షీరదం తినేదాంట్లో పదో వంతుతో సరిపెట్టుకుంటుంది. మెదడున్న పై సగం మాత్రం వెచ్చగా 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. రెండూ కలిపినా రోజుకు 1,400 కిలోకేలరీల లోపే. కానీ పై వేడి తోకలోకి కారిపోకుండా నడుము దగ్గర ధమనులూ సిరలూ జడలా పెనవేసుకుని ఉండాలి. కిందికి పోయే వెచ్చని రక్తం పైకి వచ్చే చల్లని రక్తానికి వేడి ఇచ్చేస్తుంది. ట్యూనా చేపల్లో ఇలాంటి ఏర్పాటే ఉంది. దీని ఫలితం కథలో వాడుకోవాలి: చలి తెల్లవారుజామున ఆమె చక్కగా ఆలోచిస్తుంది, మాట్లాడుతుంది, తోక మాత్రం మాట వినదు. ఎండ కాగే దాకా పారిపోలేదు. మన ఎండాకాలంలో దీనికి తిరకాసు, 44 డిగ్రీల మధ్యాహ్నం బండ మీద పడుకోబెట్టావు. ఒంటి వేడి 40 దాటి కాసేపుంటే చాలా పాములు చచ్చిపోతాయి. ఆ వేళకు ఆమె పుట్టలోనో బావి గట్టు నీడలోనో ఉండాలి.

నున్నటి పాలరాతి సభలో ఆమె మెలికలు తిరుగుతూ సాగిన పేజీ మళ్లీ గీయి. మెలికల నడకకు పక్కల ఒత్తుకోవడానికి రాయో గడ్డో కావాలి, నున్నని నేల మీద ఒళ్లు అక్కడక్కడే జారుతుంది. అలాంటిచోట బరువైన కొండచిలువ లాగా కడుపు పొలుసులను అలలుగా ముందుకు జరుపుతూ తిన్నగా పాకాలి, అది చాలా నెమ్మది. సభలో ఆ నెమ్మదే ఆమెకు హుందాతనం ఇస్తుంది. ఆ కడుపు పొలుసులు అడ్డంగా వెడల్పాటి ఒకే వరస. వీపు మీదవి చిన్నవి, ఏటవాలు వరసలు. నువ్వు చుట్టూ ఒకేలా గీశావు. కుబుసం నడుము దగ్గర విడివడి, లోపలిది బయటకు తిరిగి తోకదాకా ఒలిచినట్టు వస్తుంది. దానికి ముందు కొన్నాళ్లు రంగు మాసిపోవాలి. కళ్లు మాత్రం మసకబారవు, అవి మనిషి కళ్లు కదా. విషం కావాలంటే గ్రంథి కంటి వెనక ఉంటుంది, బుగ్గ పైభాగం కాస్త నిండుగా గీయి.

రెక్కల కిన్నెర గురించి ఎక్కువ చెప్పను. ఇప్పుడు ఎగిరే పక్షుల్లో బరువైనవి ఇరవై కిలోల దగ్గరే. అంతరించిన అర్జెంటేవిస్ డెబ్బై కిలోలు తూగేదంటారు, దాని రెక్కల చాపు ఆరు మీటర్ల దాకా ఉండేదట. యాభై కిలోల అమ్మాయికి చేతి పొడవు రెక్కలు అలంకారమే. ఆమెను పదిహేను కిలోలకు తగ్గించు, రొమ్ముటెముకకు ముందుకు పొడుచుకొచ్చిన గట్టు పెట్టి దాని మీద దళసరి కండ వేయి. లేదా కొండ మీదనుంచి గాలిలో జారేదిగా మార్చు. జలకన్య తోక రెక్కను తిమింగలం లాగా అడ్డంగా పెట్టు, చేపలా నిలువుగా వద్దు. మన వెన్ను పైకీ కిందికీ బాగా వంగుతుంది. చల్లటి సముద్రమైతే చర్మం కింద కొవ్వు పొర తప్పదు, ఆ సన్నని నడుము పోతుంది.

ముందు అశ్వనరుడి అస్థిపంజరం, ఆ మూడు కోతల బొమ్మలు పంపు. రంగులు వేయకు, పెన్సిల్ గీతలు చాలు. నాగకన్యను నాలుగు మీటర్లకు సాగదీశాక చుట్టల్లో పొడవు తగ్గిపోకుండా దారంతో కొలిచి చూసుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న