రంభ దగ్గర రాత్రి పడవ: బోయాకి కట్టాలా, లంగరు వేయాలా?

తమ్ముడూ, ఒడిశాలోని చిలిక సరస్సులో రంభ దగ్గర రాత్రి లంగరు జారి పడవ వలల్లోకి పోయిందని, ఈసారి అక్కడి ఖాళీ బోయాకి (అడుగున బరువుకి తాడుతో కట్టి, పైన తేలేలా వదిలిన డ్రమ్ముకి) కట్టేస్తే టెన్షన్ ఉండదా అని అడిగావు. ఎవరిదో కనుక్కోకుండా మాత్రం కట్టకు. పైన డ్రమ్ము కొత్తగానే కనిపిస్తుంది కానీ అడుగున బరువెంతో, దాన్ని పట్టుకున్న తాడు ఎంత అరిగిందో తెలియదు, పైగా అర్ధరాత్రి ఆ బోయా వేసుకున్న పడవవాళ్లు వేట నుంచి వస్తే చీకట్లో నువ్వే విప్పుకుని పోవాలి. అడిగి, ఎంత పడవకి వేశారో తెలుసుకుని, తాడు కాస్త పైకి లాగి పాచి గీకి పోగులు చూశాక కడితే సరే.

నేనైతే లంగరే వేస్తాను. నీ నాలుగు ముళ్ల లంగరు రాళ్లలో పట్టుకుంటుంది, మెత్తటి బురదలో నాగలిలా దున్నుకుంటూ వస్తుంది. వెడల్పు రెక్కలున్న డాన్‌ఫోర్త్ రకం తీసుకుని, లంగరుకీ తాడుకీ మధ్య కొన్ని మీటర్ల గొలుసు కలుపు. నీటి లోతు 2 మీటర్లు, పడవ ముక్కు ఎత్తు అర మీటరు అనుకుంటే రెండూ కలిపిన దానికి ఐదు రెట్లు, అంటే తాడు కనీసం 12.5 మీటర్లు వదలాలి, గాలి ఉంటే ఏడు రెట్లు, 17.5. తర్వాత ఇంజిన్ మెల్లగా రివర్స్‌లో పెట్టి, తాడు మీద చెయ్యి వేసి చూడు: గడగడా వణుకుతుంటే జారుతున్నట్టే, తీసి మళ్లీ వెయ్యి. పడవ తిరిగే చుట్టంతా వలలు, కర్రలు లేకుండా చూసుకో.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో కాలబైశాఖి (ఉరుములతో ఒక్కసారిగా వచ్చే గాలివాన) మబ్బు కమ్మితే రెండూ వద్దు, ముందే ఒడ్డు చేరు.