ఇద్దరు బులుఘాన్‌లు, ఒక కోకెచిన్

ప్రశ్న: ఇరాన్‌ను ఏలిన మంగోలు రాజు అర్ఘూన్ భార్య బులుఘాన్ ఖాతూన్ 1286లో చనిపోయిందని ఒక పుస్తకంలో ఉంది. అర్ఘూన్ తర్వాత ఆమె ఆయన కొడుకు గజన్ ఖాన్‌ను పెళ్లాడిందని ఇంకోదాంట్లో ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమేనండీ. వాళ్లు ఇద్దరు మనుషులు. 1286లో పోయినావిడ పెద్ద బులుఘాన్, బయావుత్ తెగ స్త్రీ. మొదట అబాఖా ఖాన్ భార్య. ఆయన పోయాక ఆయన కొడుకు అర్ఘూన్ చేసుకున్నాడు. చిన్నప్పుడు గజన్‌ను పెంచింది ఆవిడే. రెండో బులుఘాన్ ఖొంగిరాత్ తెగలో ఒత్‌మాన్ కూతురు. పెద్దావిడ స్థానంలోకి అర్ఘూన్ తెచ్చుకున్నది ఈమెనే. తర్వాత గజన్‌ను పెళ్లాడిందీ ఈమే. పేరూ స్థానమూ ఒకటే, పైగా అర్ఘూన్ ఇద్దరికీ భర్త. పొరబడడం సులువు.

అందుకే నేను పేరు కంటే ముందు తెగ, తండ్రి పేరు వెతుకుతాను. ఆపైన ఎవరి ‘ఓర్దూ’ ఎవరికి దక్కిందో చూస్తాను. ఓర్దూ అంటే రాణి గుడారాలు, పరివారం, ఆస్తి అంతా. రాణి పోతే దాన్ని మరో రాణికి అప్పగించేవారు. గజన్ మంత్రి రషీదుద్దీన్ తన చరిత్రలో ఈ వివరాలు ఓపిగ్గా రాశాడు. తల్లి హోదాను బట్టే కొడుకుల హోదా కాబట్టి ఆయనకవి అవసరం. మనకు అదే అదృష్టం.

పెద్ద బులుఘాన్ వంశం నుంచే పిల్ల కావాలని అర్ఘూన్ ముగ్గురు దూతలను చైనాను ఏలే మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ దగ్గరికి పంపాడు. అలా బయలుదేరినమ్మాయి కోకెచిన్. అప్పటికి పదిహేడేళ్లని మార్కోపోలో అంటాడు. ఓడల్లో ఆమె ఇరాన్ చేరేసరికి అర్ఘూన్ లేడు. 1293లో ఇరాన్‌లోని అబ్హర్ పట్టణంలో గజన్ ఆమెను పెళ్లాడాడని రషీదుద్దీన్ రాశాడు. ఈ ప్రయాణం గురించి 1290 నాటి చైనా కాగితం ఒకటి మిగిలింది. అందులో దూతలు ముగ్గురి పేర్లూ ఉన్నాయి, వెంట వచ్చేవాళ్ల తిండి లెక్క కూడా ఉంది. ఎవరి కోసం ఆ ఓడలు కదిలాయో ఆ పిల్ల పేరు మాత్రం లేదు! ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వెనిస్ వర్తకుడి కథనాన్నీ పారశీక మంత్రి రాతనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆమె దొరికింది.

మీరు నోట్సు రాసుకునేటప్పుడు ఉత్త ‘బులుఘాన్’ అని రాయకండి. ‘బయావుత్ బులుఘాన్’, ‘ఒత్‌మాన్ కూతురు బులుఘాన్’ అని విడివిడిగా రాసుకోండి.