చేప వయసు చెప్పే చదువుకి ఉద్యోగం ఉందా?

గోపాల్‌పూర్ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ సైన్స్ పూర్తి చేసింది. పెద్ద చేపల వయసు కనిపెట్టే చదువు చదువుతానంటోంది. చిన్నప్పట్నుంచీ వేటకెళ్తున్నాను, చేపని ఎత్తి చూస్తే నాకు తెలీదా? దీనికి ఉద్యోగం ఉంటుందా?"

అన్నా, తూకం చూసి వయసు చెప్పలేం. పసుపు రెక్కల ట్యూనా రెండు మూడేళ్లకే మీటరు పొడవు దాటేస్తుంది, అంతే పొడవున్న సొర చాలా ముసలిది కావొచ్చు. అందుకే ట్యూనా తలలో లోపలి చెవి దగ్గరుండే చిన్న రాయిని, ఓటోలిత్ అంటారు, బయటికి తీసి వజ్రపు అంచున్న రంపంతో పల్చగా కోసి మైక్రోస్కోపు కింద, చెట్టు మానులో లాగా వయసుతో పెరిగే వలయాలు లెక్కపెడతారు. సొరకి వెన్నుపూస కోయాలి. కొమ్ముకోనానికి, అదే కత్తిలాంటి పొడవు ముక్కున్న పెద్ద చేపకి, రెక్క ముల్లు చూస్తారు, కానీ ముదిరిన చేపలో ముల్లు మధ్యభాగం కరిగిపోయి మొదటి వలయాలే కనపడవు! పైగా మనలాంటి వేడి సముద్రాల్లో వలయాలు మసకగా ఉంటాయి, ఒకే రాయిని ఇద్దరు చూసి రెండు జవాబులు చెప్పడం మామూలే. సరిచూసుకోవడానికి చేపకి ట్యాగ్ గుచ్చి, ఎముకలో గుర్తు పడే మందు ఎక్కించి వదిలేసి, మళ్లీ వలలో పడినప్పుడు ఆ గుర్తు తర్వాత ఎన్ని వలయాలు పెరిగాయో చూస్తారు. 2005-07లో హిందూ మహాసముద్రంలో లక్షన్నరకు పైగా ట్యూనాలకి ట్యాగులు వేశారు. ఏ వయసుకి గుడ్లు పెడుతుందో తెలిస్తేనే ఎంత పట్టొచ్చో లెక్క తేలుతుంది, అది మీ వేటకి సంబంధించిన విషయమే.

ఇక ఉద్యోగం. 'చేప వయసు నిపుణుడు' అని పోస్టేమీ పడదు, ఆ ఆశతో చేర్పించకండి. మీ పక్కనే రంగైలుండాలో ఓయూఏటీ, అంటే ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఫిషరీస్ కాలేజీ ఉంది, అక్కడ నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) చేస్తే రాష్ట్ర మత్స్యశాఖ ఉద్యోగాలకి దారి ఉంటుంది. తర్వాత ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఎంఎఫ్‌ఎస్సీ (అదే సబ్జెక్టులో పీజీ), ఆపైన పీహెచ్‌డీ చేస్తే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐ లాంటి చోట శాస్త్రవేత్త పోస్టుకి పోటీ పడొచ్చు. మొదట్లో ప్రాజెక్టు కాంట్రాక్టులే దొరకొచ్చు, దానికి టెన్షన్ పడకండి. నా మటుకు మైక్రోస్కోపు కంటే స్టాటిస్టిక్స్ ముఖ్యం, లెక్కలంటే భయముంటే ఈ దారి కష్టం.

ఇప్పుడే చేయాల్సింది ఒకటి: నివాస, కుల సర్టిఫికెట్లకి తహసీల్ ఆఫీసులో అప్లై చేయండి, ఒడియాలో రాసిన ఇంటిపేరు మార్కుల షీటులో ఉన్నదానితో కలిసిందో లేదో అక్కడే చూసుకోండి.