ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ (సెన్సర్ల చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్) సప్లై పిన్ పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలా, సప్లై దగ్గర ఒక పెద్ద కెపాసిటర్ చాలదా?

చాలదండి. రెండు వారాలు పోగొట్టుకుని తెలుసుకున్నాను ఈ సంగతి.

హైదరాబాద్‌లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో తూకం మెషీన్లు చేసేవాళ్ళం. 10 కిలోల లోడ్‌సెల్ (బరువుని వోల్టేజీగా మార్చే సెన్సర్), 5 వోల్టులు ఇస్తే నిండు బరువుకి వచ్చేది 10 మిల్లీవోల్టులు, అంటే గ్రాముకి ఒక్క మైక్రోవోల్టు. ఏడీ620 అనే ఆంప్లిఫయర్ చిప్‌కి 100 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి దాన్ని 495 రెట్లు పెంచేవాళ్ళం. టేబుల్ మీద ట్రాన్స్‌ఫార్మర్, +12, -12 వోల్టులిచ్చే 7812, 7912 రెగ్యులేటర్లతో బ్రహ్మాండంగా పనిచేసింది. డబ్బాలో బిగించి స్విచింగ్ సప్లై (వేగంగా ఆన్-ఆఫ్ అవుతూ పనిచేసే పవర్ సప్లై) ఇచ్చామో లేదో, ఖాళీ పళ్ళెం మీద 40 గ్రాములు! ఊగితే నాయిస్ అనుకునేవాళ్ళం, కదలకుండా 40 నిలబడేసరికి అందరం లోడ్‌సెల్‌నే అనుమానించాం, మార్చాం, మళ్ళీ 40. మీటర్ పెడితే సప్లై నిక్కచ్చిగా 12.

చివరికి ఆసిలోస్కోప్ ప్రోబ్‌కి పొడుగు గ్రౌండ్ క్లిప్ పీకేసి పొట్టి వైరు చుట్టి పిన్ మీదే పెడితే కనిపించాయి, ముళ్ళలాంటి స్పైకులు. చిప్ సప్లై నాయిస్‌ని ఆపేస్తుందనేది డీసీ (మారని వోల్టేజీ) దగ్గర నిజమే, 100 డెసిబెల్స్ పైనే ఆపుతుంది, కానీ ఫ్రీక్వెన్సీ పదింతలు పెరిగినప్పుడల్లా 20 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. మెగాహెర్ట్జ్‌లకి వెళ్ళాక లోపలికి దూరిన ఆ స్పైకుల్ని ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లే రెక్టిఫై చేసి (ఒకవైపుకి మళ్ళించి) డీసీ ఆఫ్‌సెట్‌గా, అంటే కదలని తప్పుడు వోల్టేజీగా మార్చేస్తాయి, ఇక సాఫ్ట్‌వేర్‌లో ఎంత యావరేజ్ తీసినా పోదు.

మా బోర్డు మీద 0.1 ఉంది, కాకపోతే 4 సెంటీమీటర్ల దూరంలో. ట్రాక్ మిల్లీమీటరుకి సుమారు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్, పోనూ రానూ 80. 10 మెగాహెర్ట్జ్ దగ్గర కెపాసిటర్ అడ్డు 0.16 ఓమ్, దాని దారిది 5 ఓమ్స్! చిప్ సప్లై పిన్‌లైన 7, 4కి ఎక్స్7ఆర్ (వేడికి విలువ పెద్దగా మారని సిరామిక్ రకం) కెపాసిటర్లు బోర్డు వెనకనుంచి అంటించి, లైనుకి 10 ఓమ్స్, 10 మైక్రోఫారడ్ వేసి, వాటి గ్రౌండ్, రిఫరెన్స్ పిన్ (అవుట్‌పుట్ సున్నా ఎక్కడో చెప్పే పిన్) ట్రాక్‌లో కలవకుండా విడిగా తీసుకెళ్ళాం. 40 కాస్తా ఒక గ్రాముకి దిగింది.

అసలు తప్పు సర్క్యూట్ డ్రాయింగ్ గీసేవాళ్ళది అంటాను నేను. కెపాసిటర్లన్నీ ఒక మూలన వరసగా గీసి వదిలేస్తారు, లేఅవుట్ చేసేవాళ్ళు అలాగే ఒక మూలన పెట్టేస్తారు. దయచేసి ఏ చిప్‌ది ఆ చిప్ పిన్ దగ్గరే గీయండి. వై5వీ అనే సిరామిక్ కెపాసిటర్ రకమైతే అసలు కొనొద్దు, దానిమీద డీసీ పడ్డా, వేడెక్కినా విలువ దారుణంగా తగ్గిపోతుంది. కాలేజీల్లో డేటాషీట్ మొదటి పేజీలో ఉన్న, సప్లై నాయిస్‌ని ఎంత ఆపుతుందో చెప్పే డీసీ నంబరు ఒక్కటే బట్టీ పట్టిస్తున్నారు, వెనక పేజీల్లో ఫ్రీక్వెన్సీతో కిందికి జారే గ్రాఫ్ మాకైతే ఒక్కరూ తీసి చూపించలేదు.