ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీకి 6 లక్షల లోన్: వాయిదా 8,100 కాదు, 10,200

ఎమ్మెస్సీకి 6 లక్షల విద్యారుణం తీసుకుంటే పదేళ్లకు నెల వాయిదా 8,100 పడుతుందని, చదివాక ఉద్యోగంతో తీర్చగలనా అని అడిగారు. మీరు ఆ వాయిదా లెక్క 6 లక్షల మీదే కట్టారు. తేడా అక్కడే వచ్చింది. చదివే రెండేళ్లూ, ఆ తర్వాత ఏడాదీ వాయిదా ఉండదు గానీ వడ్డీ ఆగదు. బారువడ్డీగా పెరిగి చివర్లో అసలులో కలుస్తుంది.

మీరు చెప్పిన 10.5 శాతంతోనే చూడండి:

1. మొదటి ఏడు తీసిన 3 లక్షలకు మూడేళ్ల వడ్డీ: 94,500.
2. రెండో ఏడు తీసిన 3 లక్షలకు రెండేళ్లది: 63,000.
3. వాయిదాలు మొదలయ్యేనాటికి బాకీ: 7,57,500. పదేళ్లకు నెలకు సుమారు 10,200.

చదివాక క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో నెలకు చేతికి 18,000 వస్తుందన్నారు. సగానికి పైగా బ్యాంకుకే. హైదరాబాద్‌లో గది అద్దె కట్టి మిగిలిన దాంతో బతకడం కష్టం.

ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది: వడ్డీని ఏ నెలకానెల కట్టేయడం. మొదటి ఏడాది నెలకు 2,625, తర్వాత 5,250. ఇంట్లోవాళ్లు ఇది భరించగలిగితే అసలు 6 లక్షల దగ్గరే ఆగుతుంది, వాయిదా మీరనుకున్న 8,100 అవుతుంది. లోన్ మంజూరయ్యేటప్పుడే బ్రాంచిలో రాసివ్వండి.

విద్యారుణం వడ్డీ మీద ఇచ్చే ఆదాయపన్ను మినహాయింపును లెక్కలోకి తీసుకోవద్దు. ఈ జీతానికి పన్నే పడదు.

నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, పైన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం). కానీ పీహెచ్‌డీ సీటూ దొరకాలి. దాని భరోసాతో అప్పు చేయకండి. ముందు సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఉస్మానియాలో ఫీజు తక్కువుండే రెగ్యులర్ సీటుకు ప్రయత్నించండి, అసలు అప్పే తగ్గుతుంది.