కరోనా వేళ ఎన్నికలు వాయిదా వేస్తే ప్రజాస్వామ్యం ఆగినట్టేనా?

వాయిదా ఒక్కటే అయితే కాదు. ఎవరు వేశారు, ఎవరు ప్రశ్నించగలిగారు అన్నదే అసలు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిందే చూడండి. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ స్థానిక ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టుకెళ్లింది. కోర్టు మూడు రోజుల్లోనే తేల్చింది: వాయిదాలో జోక్యం చేసుకోం, కానీ ఎన్నికల కోడ్ (ఎన్నికల వేళ ప్రభుత్వంపై ఉండే ఆంక్షలు) ఎత్తేయండి, నడుస్తున్న పథకాలు ఆగకూడదు. నా దృష్టిలో చక్కటి సర్దుబాటు.

గొడవ ఆ తర్వాత మొదలైంది. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ (అసెంబ్లీ సమావేశాలు లేనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం) తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించింది. దాంతో ఆయన పదవి పోయింది. లాక్‌డౌన్‌లో అసెంబ్లీ కూర్చోదు కదా, ఆర్డినెన్స్‌కు అడ్డేముంది! మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది, జూలై చివర్లో ఆయన్ను మళ్లీ పదవిలోకి తెస్తూ ఉత్తర్వులొచ్చాయి.

2021 జనవరిలో సీన్ రివర్స్. ఆయన ఎన్నికలు పెడతానంటే వ్యాక్సినేషన్ ఉందని ప్రభుత్వం వద్దంది. సుప్రీంకోర్టు మళ్లీ కమిషన్ వైపే నిలిచింది. ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ పోలింగ్ జరిగింది, మాస్కులతో, కాస్త టెన్షన్‌తో.