సొంత వ్యాసానికి విమర్శ రాయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మూతపడిన మా ఊరి గ్రంథాలయాన్ని తెరిపించమని పంచాయతీని ఒప్పిస్తూ వ్యాసం రాసింది. ఇప్పుడు దాని మీద తననే 'స్వీయ విమర్శ' రాసుకురమ్మన్నారు టీచరుగారు. మంచి కూడా రాయాలట. మంచి చెబితే అది విమర్శ ఎలా అవుతుంది? 'సమీక్ష' అనాలేమో? వ్యాసం జతచేశాను.

సమాధానం: అమ్మా, టీచరుగారి మాట సరైనదే. 'విమర్శ' పుట్టింది 'మృశ్' ధాతువు నుంచి. తాకడం, తడిమి చూడడం దాని అర్థం. 'వి' చేరితే బాగా పరిశీలించడం. జబ్బుపడ్డవాళ్లను పరామర్శించి వచ్చామంటామే, ఆ మాటకూ ఇదే ధాతువు. 'ప్రతిపక్షం విమర్శించింది' అని రోజూ పేపర్లో చదివీ చదివీ విమర్శంటే తప్పుపట్టడమే అనుకుంటున్నాం. సాహిత్య విమర్శలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. సమీక్ష అన్నా తప్పులేదు. కానీ సమీక్షలో ఉన్నది చూపు, విమర్శలో ఉన్నది స్పర్శ. సొంత రాతకు నాకు రెండోదే నచ్చుతుంది. 'బలాలు, బలహీనతలు' అని కాకుండా 'గుణదోషాలు' అని రాయమనండి. ఎప్పటినుంచో మనకున్న మాట.

వ్యాసం చదివాను. "కిటికీలోంచి చూస్తే బల్ల మీద చివరి రోజు పేపరు ఇంకా అలాగే ఉంది" అంది. ఎంత మంచి వాక్యం! కాదనడానికి ఎవరికీ వీల్లేదు. ఆ వెంటనే "చదువు గొప్పదని అందరికీ తెలిసిందే కదా" అంది. ఆ 'కదా' ఎదుటివాళ్లు తల ఊపకముందే ఊపారనుకుంటుంది. అది దోషం.

అసలు చిక్కు 'మేము', 'మనం' దగ్గర ఉంది. "మేము కోరుతున్నాం, మీరు తెరిపించాలి" అని మొదలుపెట్టి, చివర "మనం కాపాడుకుందాం" అంది. 'మేము'లో వినేవాడు ఉండడు, 'మనం'లో ఉంటాడు. బయట నిలబెట్టిన సర్పంచిగారిని లోపలికి ఎప్పుడు పిలిచింది? సాయంత్రాలు పిల్లలమే ఊడ్చి పుస్తకాలు సర్దుతామని మధ్యలో ఒక్క వాక్యం ఉంటే ఆ 'మనం' నిలబడేది.

పూర్వపక్షం కూడా లేదు. ఎదుటివారి వాదాన్ని ముందు పూర్తిగా చెప్పి, తరువాత జవాబివ్వడం మన శాస్త్రకారుల పద్ధతి. గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం వాదించినప్పుడు గ్రాంథికవాదుల రచనల్లోంచే వాక్యాలు తీసి, తమ నియమాలు తామే పాటించలేకపోతున్నారని చూపించారు. ఇక్కడ "డబ్బెక్కడిది?" అని పంచాయతీ అడుగుతుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మీ ఇంటిపన్ను రసీదు తీసి అమ్మాయి చేతికివ్వండి. ఆ పేరా తనే రాసుకుంటుంది.